చిరిగిన పుట

ఆగస్టు రెండో ఆదివారం. కెప్టెన్ మైకేజా స్ట్రౌడ్ వారసులు చర్చి వెనక పచ్చికలో బల్లలు వేసుకున్నారు. కెప్టెన్ కొడుకులు ఐదుగురు. ఒక్కో కొడుకు సంతతికి ఒక్కో బల్ల. చిక్కుడుగింజల గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆల్డెన్‌కి ఏ బల్లా లేదు.

అతని ఇంటిపేరూ స్ట్రౌడే. కానీ అతని మూలపురుషుడు టోబయస్ పేరు కెప్టెన్ వీలునామాలో లేదు.

కెప్టెన్ అడవి కొట్టి సేద్యం చేసినవాడు. పోరు వస్తే నాగలి వదిలి ఊరి దళాన్ని నడిపేవాడు. ఏటి రేవు పోరులో చనిపోయిన ఒక సైనికుడి బిడ్డని ఇంటికి తెచ్చి పెంచుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ బిడ్డ టోబయసే అని లొరీనా తేల్చింది. వంశచరిత్ర పుస్తకం రాసింది ఆవిడే. అందరికీ ఆవిడ అత్త.

ఆల్డెన్ కూడా అత్తా అనే పిలిచాడు.

"నన్ను అత్తా అనకు నాయనా. మిస్ లొరీనా అను, చాలు. మా ముక్కులు చూడు, నీ ముక్కు చూడు. కోడి పొదిగినంత మాత్రాన బాతుపిల్ల కోడిపిల్ల అయిపోతుందా?"

చుట్టూ నవ్వారు. ఐదు బల్లల దగ్గరా ఐదు రకాల ముక్కులున్నాయి. ఆ మాట ఆల్డెన్ పైకి అనలేదు. తన ట్రక్కు పక్కన నిలబడి తిన్నాడు.

భార్య వెర్నా పోయి రెండు చలికాలాలైంది. పిల్లల్లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కొండల్లో ఇంటింటికీ ఉత్తరాలు మోసినవాడికి ఇప్పుడు ఉత్తరం రాసేవాళ్ళు లేరు. అతనికి కెప్టెన్ పొలం అక్కర్లేదు, ప్రతిష్ఠ అక్కర్లేదు. ఏడాదికి ఒక్కపూట 'మనవాడు' అనేవాళ్ళ మధ్య కూర్చుని తినాలి. అంతే.

గ్రంథాలయంలో పనిచేసే ఆమెకి సంగతంతా చెప్పాడు. తండ్రి బతికుండగానే వాటా తీసుకుని వేరుపడ్డ కొడుకు పేరు చాలా వీలునామాల్లో ఉండదని ఆమె చెప్పింది. స్ట్రౌడ్‌ల బైబిల్లో పిల్లల పుట్టుకలు రాసుకున్న పుట లేదని, లొరీనా ఆ నేరం ఎలుకల మీదికి తోసిందని అతనంటే ఆమె నవ్వింది.

"ఎలుకలు అంత తిన్నగా చింపుతాయా? సైనికుడు పోయాక అతని భార్య పింఛను అడగాలంటే ఆ రోజుల్లో రుజువు ఆ పుటే. చింపి వాషింగ్టన్‌కి పంపేవాళ్ళు. మళ్ళీ తిరిగొచ్చేది కాదు. రాసి చూడండి."

రాశాడు. ఏప్రిల్‌లో ఆ పుట నకలు వచ్చింది. వాకిట్లో ఉత్తరాల పెట్టె దగ్గరే నిలబడి చదివాడు. ఇంట్లోకి వెళ్ళి మళ్ళీ చదివాడు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. లొరీనా బాగా చిక్కిపోయింది. చలికాలంలో ఆవిడ తమ్ముడు పోయాడు. మొదటి బల్ల చివర ఒక్కతే కూర్చుని ఉంది. ముందర వంశచరిత్ర పుస్తకం, దాని మీద రెండు చేతులు.

"వాషింగ్టన్ నుంచి జవాబొచ్చిందట కదా?"

"వచ్చిందండీ."

"ఏం తేలింది?"

ఐదు బల్లల దగ్గరా మాటలు ఆగిపోయాయి. ఆల్డెన్ ఆ మొహాల వంక చూశాడు. లొరీనా వేళ్ళ వంక చూశాడు. అవి పుస్తకం అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"మీ పుస్తకంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, మిస్ లొరీనా."

ఆవిడ ఊపిరి వదిలింది. బల్లల దగ్గర మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరో చేపలు ఇటు జరపమన్నారు. కాసేపటికి లొరీనా బెంచీ మీద పక్కకి జరిగింది.

"నిలబడి తింటావేం, కూర్చో. మనవాడివి కాకపోయినా మనిషివేగా."

ఆల్డెన్ కూర్చున్నాడు. ఆవిడ మొక్కజొన్న రొట్టె అందిస్తే తీసుకున్నాడు. చాలా బాగుందన్నాడు.

అతని చొక్కా జేబులో మడిచి ఉన్న నకలు మీద, పుట్టుకల కింద, పుట చింపి పంపేముందు కెప్టెన్ భార్య రాసిన మాట ఇలా ఉంది: "నా కడుపున పుట్టింది టోబయస్ ఒక్కడే; తక్కిన ఐదుగురూ ఏటి రేవులో చనిపోయిన మావారి సైనికుల బిడ్డలు, ఈ సంగతి వాళ్ళకి ఎన్నడూ చెప్పలేదు."