అత్తగారి మొండిపట్టు

“తిననంటే తినను. తీసుకుపో!”

ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన గొంతు అది. కండక్టరమ్మ గొంతెత్తితే వీధి చివరి ఇంటివాళ్ళకి కూడా వినబడుతుంది. పళ్ళెంలో నాలుగు ఉడికించిన గుడ్లు, ఉప్పు లేకుండా.

“అమ్మా, డాక్టరు ఏం చెప్పారు?” కూతురు నడుం మీద చెయ్యి వేసుకుంది.

ఏం చెప్పాడో ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. లివర్ గట్టిపడింది. తిన్నది చాలక ఒళ్ళు తన కండనే కరిగించుకుంటోంది. పథ్యమంటూ కడుపు మాడ్చుకుంటే మంచానికి అతుక్కుపోవడమే. మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి, పడుకునేముందు కూడా. కాళ్ళకు పని చెప్పాలి.

నీళ్ళ సీసా మూత తిప్పలేక వణికిన చేతులు గుర్తొచ్చి కండక్టరమ్మ గుండె కలుక్కుమంది. అయినా పంతం వదల్లేదు.

“అల్లుడుగారు ఖాళీ కడుపుతో కూర్చుంటే అత్తకు ముద్ద దిగుతుందా? నలుగురూ వింటే నవ్విపోరూ!”

చిత్రిక పక్కన పెట్టి కూర్చున్న వడ్రంగి అల్లుడు తలెత్తాడు. “నాకు ఆకలి లేదత్తయ్యా.”

“నాకూ లేదు.”

“మీరు పెద్దవారు, మీరే ఇలా మొండికేస్తే ఎలా?”

“అయితే చెరి రెండు తిందాం.”

అల్లుడు నిట్టూర్చి ఒక గుడ్డు నోట్లో వేసుకున్నాడు. ఆవిడా వేసుకుంది. అతను ఆగితే ఆవిడా ఆగింది. మొత్తానికి పళ్ళెం ఖాళీ అయింది.

సాయంత్రం ఇంకో తగువు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవాలి.

“ఒక్కదాన్నే లేచి కూర్చుంటే కోతిని ఆడించినట్టుంటుంది. మీరూ రండి!”

మొదటిరోజు ఆవిడ మోకాళ్ళు పటపటమన్నాయి. నాలుగోసారికే ఇద్దరూ చేతులెత్తేశారు. మర్నాటి నుంచి “రైట్ రైట్! ఎవరూ దిగొద్దు, ఇంకో స్టేజీ ఉంది!” అని ఆవిడ కేకలు, అల్లుడి నవ్వులు. పాలగ్లాసు దగ్గరా అదే పేచీ, పల్లీల దగ్గరా అదే. పోనీలే పెద్దావిడ అనుకుంటూ అల్లుడు ప్రతిదానికీ తోడు కూర్చునేవాడు. రెండో నెలలో అతను ఈల వేస్తూ చిత్రిక పట్టడం విని, కూతురు వంటింట్లో కళ్ళు తుడుచుకుంది.

మూడు నెలలకు ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు కాగితాలు తిరగేసి కనుబొమలెగరేశాడు.

“కిందటిసారి మెతుకు ముట్టనని మొండికేశారుగా! ఇప్పుడెలా ఉంది తిండి?”

“పిలవకముందే పళ్ళెం దగ్గర హాజరు!” అంది కండక్టరమ్మ.

“కుర్చీలోంచి లేవడం?”

“ఆగకుండా ఇరవైసార్లు!”

డాక్టరు నవ్వుతూ పిడికిలి బలం కొలిచే మెషిన్ తీశాడు. “ఏదీ, పేషెంటుగారూ, గట్టిగా నొక్కండి చూద్దాం.”

“వెళ్ళండి అల్లుడుగారూ, పిలిచింది మిమ్మల్నే!” అంటూ కండక్టరమ్మ అల్లుణ్ణి ముందుకు తోసింది.