వెళ్ళొస్తాం

అద్దె ఇళ్ళు ఇప్పుడు తమను తామే చూపించుకుంటున్నాయి. బ్రోకర్లు లేరు, అగ్రిమెంటు కాగితాలు లేవు. గుమ్మంలో నోటితో అన్న మాటే సంతకం. అందుకే పొద్దుటినుంచీ శివారు కాలనీలన్నీ నోరు అదుపులో పెట్టుకునే తిరుగుతున్నాం. మా ఆయనకి బదిలీ అయింది. బడి తెరిచేలోగా ఇల్లు దొరకాలి.

బడి దగ్గరున్న కాలనీలో నీళ్ళు రావు. నీళ్ళొచ్చే చోట దుమ్ముకి పాప ఉబ్బసం తిరగబెడుతుంది. ఈ చివరి కాలనీలో గాలి బాగుంది కానీ, ఆయన ఆఫీసుకి రెండు గంటల దారి.

"బాగుంది. ఆలోచించుకుని చెప్తాం," అన్నారాయన, పాఠం అప్పజెప్పినట్టు.

"అందరూ అదే అంటారండీ," అంది ఇల్లు.

చెప్పులేసుకున్నాం. అత్తయ్య గుమ్మం దాటుతూ, అలవాటు కొద్దీ తలుపు నిమిరి, "వెళ్ళొస్తామమ్మా," అంది.

తలుపు మీద పచ్చదీపం వెలిగింది.

"వస్తామన్నారు. చాలా సంతోషం. ఇల్లు మీ పేరున అద్దెకి రాసేస్తున్నాను."

"అయ్యో, అది వెళ్ళేటప్పుడు ఎవరైనా అనే మాటే!" అన్నాను కంగారుగా.

"పోనీ, 'మళ్ళీ రాము' అని ఆవిడతోనే చెప్పించండి. కొట్టేస్తాను," అంది ఇల్లు.

అందరం అత్తయ్య వైపు చూశాం. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది.

"గుమ్మంలో నిలబడి ఆ మాట ఎలా అననే, హైమా?" అంది నాతో.

ఆయన మెట్టు మీద కూలబడి, చెప్పులు విప్పడం మొదలుపెట్టారు.