వైరస్‌కు సంతాపసభ

"గుడ్డ ఇప్పుడే తీయాలండీ. అరగంట దాటితే ఫలితం తారుమారవుతుంది," అంది డాక్టర్ కువబర.

"ముందు స్వాగతోపన్యాసం," అన్నాడు ఒనొదెర. నిగాత నగరంలోని ఆ వైరస్ పరిశోధనాలయానికి ఆయన ఉపసంచాలకుడు. ఉపన్యాసం చేయవలసినవాడూ ఆయనే.

బల్లమీద ఊదారంగు పట్టుగుడ్డ కింద రెండు పళ్ళేలున్నాయి. ఒకదానిలో ఉన్నది కువబర అయిదేళ్ళు శ్రమించి పెంచిన ఫ్లూ వైరస్. రెండవది పోటీకి వచ్చిన ఒసాకా పరిశోధనాలయంవారు తెచ్చినది. రెండింటిలోనూ కోడి రక్తకణాలు కలిపారు. వైరస్ ఉంటే ఆ కణాలు దానికి చిక్కి వలలా పరుచుకుంటాయి; లేకపోతే జారి, అడుగున ఎర్రని చుక్కలుగా చేరతాయి. నెగ్గిన వైరస్ టీకా తయారీకి వెళుతుంది. ఓడినదాన్ని కాల్చివేస్తారు.

ఉపన్యాసం అయింది. అతిథులకు టీ అయింది. అందరూ వరుసలో నిలబడి ఫొటో కూడా తీయించుకున్నారు. వెచ్చని ఆ గదిలో మూడు గంటలు గడిచిపోయాయి.

"ఇంతసేపు పడుతుందని వైరస్‌కి ముందే చెప్పి ఉండాల్సిందమ్మా," అని గొణిగాడు ముసలి సహాయకుడు హగ.

ఒనొదెర రెండు చేతులతో గుడ్డ తొలగించాడు. ఒసాకావారి పళ్ళెంలో వల చెక్కుచెదరలేదు. కువబర పళ్ళెం నిండా ఎర్రచుక్కలే.

"మీది పోయిందమ్మా, పాపం," అన్నాడాయన.

"పోలేదండీ. దాని ఒంటిమీద రెండు రకాల ప్రొటీన్లుంటాయి. ఒకటి కణాన్ని పట్టుకుంటుంది. ఇంకోటి కత్తెరలా ఆ పట్టు తెంపుతుంది. నాదాన్లో రెండూ సమఉజ్జీలు. పట్టుకుంది, పనైపోయాక వదిలేసింది. మనమే ఆలస్యంగా చూశాం."

"పెద్దలు కూర్చుని ఉండగానే వదిలేసిందా? ఒసాకావారిదాన్ని చూడండి, ఎంత నిష్ఠగా పట్టుకునుందో."

"దాని కత్తెర మొద్దుదండీ. పుట్టిన కణాన్నే కరుచుకుని కూర్చుంటుంది, పక్క కణానికి పోదు. ఇక పెరిగేదెలా?"

"నేనూ ముప్ఫైరెండేళ్ళుగా ఈ సంస్థనే పట్టుకునున్నాను. పెరగలేదా?"

హగ ఒక్కసారిగా టీకప్పులు సర్దడంలో మునిగిపోయాడు.

"ఇంకొక్కసారి పరీక్ష చేయనివ్వండి. అరగంట చాలు," అని బతిమాలింది కువబర.

అప్పటికే ఆయన, తన వైరస్‌ను టీకాకు తీసుకోమని ఆమె పెట్టుకున్న దరఖాస్తుమీద 'పెరుగుదల లేదు' అని రాసి, తన ఎర్రముద్ర వేసేశాడు. "ముద్ర పడ్డాక మళ్ళీ చూస్తే ముద్రకి అవమానం కాదటమ్మా?"

ప్రయోగాలకు బలైన ఎలుకలకూ కోడిగుడ్లకూ ఏటా సంతాపసభ జరపడం అక్కడి ఆనవాయితీ. ఆ సంవత్సరపు సభ మరునాడే.

"అయిదేళ్ళు సేవ చేసింది. కాల్చేముందు దీన్నీ ఆ జాబితాలో చేర్చుదాం," అన్నాడు ఒనొదెర ఉదారంగా.

మరునాడు తెల్లచామంతుల నడుమ, అగరుబత్తుల పొగలో, వైరస్ సీసాను నిలబెట్టారు. అందరూ నల్లదుస్తులలో దూరంగా నిలుచున్నారు. కువబర మాత్రం ఒకదానిమీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని వచ్చింది.

ఒనొదెర సీసా మూతమీద చేయి వేశాడు.

"తీయకండి. అది బతికే ఉంది," అందామె.

"దుఃఖంలో అందరూ అలాగే అంటారమ్మా," అని ఆయన ఓదార్చాడు. "మూత తీయకపోతే ఆత్మ ఎలా వెళుతుంది చెప్పండి?"

మూత తీశాడు. మూడుసార్లు నడుము వంచి నమస్కరించాడు. మూడవసారి ముక్కు దాదాపు సీసా మూతికి తగిలింది. అలాగే వంగి ఉండి, సంతాపసూచకంగా దీర్ఘంగా ఊపిరి పీల్చాడు.

"ఆత్మ వెళ్ళిందంటారా?" అని మెల్లగా అడిగాడు హగ.

"వెళ్ళింది. ఎటు వెళ్ళిందో కూడా చూశాను," అంది కువబర. మూత బిగించి, సీసాను మళ్ళీ శీతలపేటికలో పెట్టి తాళం వేసింది.

నాలుగవరోజు ఒనొదెర ఇంటినుంచి ఒక కవరు వచ్చింది. సీసాను కాల్చమనే ఉత్తర్వు అయి ఉంటుందనుకుంటూ ఆమె విప్పింది. లోపల ఉన్నది తన దరఖాస్తే. పాత ముద్రమీద రెండు గీతలు కొట్టి, పక్కన కొత్త ముద్ర వేసి, వణికిన అక్షరాలతో ఆయన రాశాడు: 'పెరుగుదల తృప్తికరం. మా ఇంట్లో నలుగురిలోనూ.'