కోయాలంటే ముందు అడుగు

వదిన బ్యాంకు నుంచి తిరిగొచ్చేసరికి కారులో డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట నేల కనిపిస్తోంది. కారు నేల కాదు, షెడ్డు నేల.

"ఎవరు కొయ్యమన్నారు?" అంది.

మరిది కటింగ్ మిషను ఆపి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "డాక్టరుగారే. నేను టీకి వెళ్ళినప్పుడు వచ్చి చీటీ పెట్టి వెళ్ళారు. సాయంత్రం మళ్ళీ వస్తారట, పక్క కొట్టువాడితో చెప్పారు."

చీటీలో ఒకటే ముక్క ఉంది. 'కోయాలంటే ముందు అడుగు.'

ఆ షెడ్డులో కారు కింది రేకుని అడుగు అంటారు. డ్రైవరు కాళ్ళ కిందది ముందు అడుగు, వెనక సీటు ముందుది వెనక అడుగు. మరిది ఆ లెక్కనే చదివాడు. కోయాల్సింది ముందు అడుగు. కోసేశాడు.

వదిన చీటీ రెండుసార్లు చదివి స్టూలు మీద కూలబడింది.

"కోసే ముందు నన్ను అడుగు అని కదయ్యా ఆయన రాసింది."

మరిది చీటీ లాక్కున్నాడు. ఆయన పశువుల డాక్టరనీ, కుక్కకి సూది వేసేటప్పుడు కూడా 'కదలకండి' అంటాడనీ, నిజంగా అడగమనాలనుకుంటే 'అడగండి' అని రాసేవాడనీ వాదించాడు. మందుచీటీ మీద ఎవరూ అండీలు రాయరని వదిన కొట్టిపారేసింది. పైగా ఆ కారు తమ దగ్గరికి ఎందుకొచ్చిందో గుర్తు చేసింది. పాత షెడ్డువాళ్ళు చెప్పాపెట్టకుండా డిక్కీ రేకు కోశారని డాక్టరు ఆ రోజే బండిని తాడు కట్టి లాగించుకొచ్చాడు. యాభై ఏళ్ళ నాటి కారు. ఆరేళ్ళుగా సొట్టలు తీసుకుంటూ నెట్టుకొస్తున్న ఆ షెడ్డులోకి అలాంటి బండి రావడం అదే మొదలు. సాయంత్రానికి మళ్ళీ తాడు కట్టేలా ఉంది.

"పోనీ ఫోన్ చేసి అడుగుదామా?" అన్నాడు మరిది.

"కోశాక అడిగేదేముంది? ఆ ముక్క ఎక్కడ పడేశావు?"

తుక్కు డబ్బాలో ఉంది. వదిన దాన్ని బల్ల మీద పరిచి, అంటుకున్న తారు గీకి, తీగ బ్రష్షు పట్టుకుంది. తుప్పు పొరలు పొరలుగా రాలింది. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని జానెడు జానెడు దూరంలో పొడుచుకుంటూ పోయింది. ఏడు చోట్ల దిగబడింది. మిగతా అంతటా ఠంగుమంది.

"చచ్చిపోలేదు. ఒంట్లో బాగాలేదంతే" అంది.

అప్పుడు పన్నెండున్నర. ఆ మాటతో మరిదికి ఊపు వచ్చింది. కారు వైపు అంచులు తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. వదిన, అతుకు పడే అంచులు వదిలేసి, ముక్కంతా తుప్పు మందు పూసింది. ఇటుక రంగు చూస్తుండగానే నల్లబడింది. చిల్లులకి కొత్త రేకులోంచి ఏడు బిళ్ళలు కత్తిరించి అతికించారు. అన్నం డబ్బాలు విప్పలేదు.

"పదో తరగతి ఎలా గట్టెక్కావు నువ్వు?"

"ముందు బెంచీ వాణ్ణి అడిగి."

"ఆ రోజు అడిగావు. ఇవాళేమో నోరు పడిపోయింది."

రెండింటికి ముక్కని కారులో కూర్చోబెట్టారు. చుట్టూ బ్లేడు తినేసినంత సందు. వరసగా వెల్డింగు చేస్తే వేడికి రేకు వంకర్లు పోతుంది. ఇక్కడో చుక్క, దానికి ఎదురుగా ఇంకో చుక్క, చల్లారాక మరోటి. వదిన తడిగుడ్డ పట్టుకుని వేలు పెట్టి చూపించడం, మరిది అక్కడ అంటించడం. మూడింటికి సందు మూసుకుంది. మూడూ పదికి అతుకు అరగదీశారు. ఆ మీద ప్రైమరు కొట్టారు. అది ఆరాక వదిన కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమింది. అతుకు ఎక్కడుందో ఆమెకే దొరకలేదు. మరిది చెప్పులు విడిచి దాని మీద ఎక్కి గెంతాడు. రేకు కిక్కురుమనలేదు. ఇద్దరూ ఒకరి మసి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు.

నాలుగింటికి డాక్టరు వ్యాను దిగాడు. పలకరింపులయ్యాక టార్చి తీసుకుని కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెలుగు ముందు అడుగు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. వేలితో రాసి చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఏమీ కోయలేదాండీ?"

మరిది ఆయన వెనక నిలబడి వదినకి తల అడ్డంగా ఊపి చూపించాడు. లేదు అంటే సరిపోతుంది. పట్టుకునే మనిషి లేడు. కారు షెడ్డులోనే ఉంటుంది. వదిన తడిగుడ్డని రెండు చేతులా పిండింది.

"కోశామండీ" అంది. "మిమ్మల్ని అడక్కుండా కోశాం. తప్పు మాదే. మళ్ళీ దాన్నే బాగుచేసి అతికించాం. అతుకు కనపడదు గానీ ఉంది."

డాక్టరు లేచి, మోకాళ్ళు దులుపుకుని, వ్యాను వెనక తలుపు తెరిచాడు. లోపల అట్టలో చుట్టిన రేకు ఒకటి ఉంది.

"నెలరోజులు తిరిగి కొత్త ముందు అడుగు సంపాదించానండీ. కోసినదాన్ని మళ్ళీ ఎందుకు అతికించారు?"