మోతీ వచ్చింది, ప్రసన్న రాలేదు

కన్నకూతురు తనను అమ్మగా ఒప్పుకోదేమో. నీరజకు అన్నిటికంటే పెద్ద భయం అదే.

"ప్రసన్నా! ఇటు రా బిడ్డా!"

జారుడుబల్ల కింద ఇసుకలో కూచున్న ప్రసన్న తల ఎత్తలేదు. పొద దగ్గర వాసన చూస్తున్న మోతీ మాత్రం చెవులు నిక్కించి, గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నిలబడింది.

"జూసినవా?" సిమెంటు బెంచీ మీద కూచున్న అత్త పోశమ్మ నవ్వింది. "సేఠు కుక్కకు నీ మీదున్న పావురం, ప్రేమ గూడ నీ బిడ్డకు లేదు."

నీరజ నవ్వలేకపోయింది. ప్లేగు వచ్చిన ఏడాది సూరత్ నుంచి జనమంతా పారిపోతుంటే తామూ పోయారు. చంటిపిల్ల ప్రసన్నను సిరిసిల్లలో అత్త దగ్గర వదిలి, మొగుడూ పెళ్ళాలిద్దరే మళ్ళీ ఈ ఊరికే, మరమగ్గాల సాంచాల పనికి వచ్చేశారు. మూడేళ్ళు దాటాక ఇప్పుడు అత్తే పిల్లను తీసుకొచ్చింది. నెల రోజులు చూద్దాం, అలవాటు పడితే ఉంచుకోండి, లేకుంటే నాతోనే తీసుకుపోతానంది. ఆ నెల రేపటితో అయిపోతుంది.

సేఠు బంగళాలో అంట్లు తోమడం, సాయంత్రం మోతీని తోటలో తిప్పడం నీరజ పని. కూతురితో ఆడుకోవడానికి దొరికేదీ ఆ కాసేపే. కుక్కను చూస్తుంటే పిల్ల జారుడుబల్ల కొసకు ఎక్కేది. పిల్లను చూస్తుంటే కుక్క పూలమొక్కల్లో పడేది, మాలీ తిట్టేవాడు. అందుకే చేత్తో గొలుసు పట్టుకుని, నోటితో పిల్లను కాసేది. "పడతవ్! దిగు! ఇటు జూడు!" పిల్ల ఒక్క మాటా లెక్కచేసేది కాదు.

తండ్రి దగ్గర అదే పిల్ల వేరు. ఏళ్ళ తరబడి సాంచాల మోతలో సైగలతోనే పని నడిపిన నరహరి, ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడేవాడు. వేళ్ళు నోటి దగ్గర పెట్టి 'తిందాం రా' అన్నట్టు ఊపితే చాలు, ప్రసన్న ఉరికొచ్చి ఒళ్ళో పడేది.

"నువ్వు పిలిస్తే ఉరికొస్తది, నేను పిలిస్తే ఏందట?" అని ఏడ్చింది నీరజ ఒకరోజు.

"నువ్వు ఊకె ఒర్లుతవ్. పిల్ల బెదిరింది," అన్నాడతను.

ఇప్పుడు అత్తను అడిగింది. "నాతోని ఒక్క మాట గూడ మాట్లాడదు. నా మీద కోపమేనా అత్తమ్మా?"

"మా నరహరికి గూడ మాటలు లేటే వచ్చినయ్. నా కాడైతే ఎన్నడు కొంగు ఇడువలే. అలవాటు కావాలె గద..." అంటూనే పోశమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏయ్, పోరి యాడికి వోతుంది?"

గేటు అవతల బెలూన్లమ్మే బుగ్గలవాడు నిలబడి ఉన్నాడు. ఎర్రబుగ్గ మీద చూపు పెట్టి ప్రసన్న రోడ్డు మీదికి నడుస్తోంది. బట్టల తాన్లేసుకుని టెంపోలు దూసుకుపోతున్నాయి.

"ప్రసన్నా! ఆగు! ఆగే!"

తోటలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. పిల్ల ఆగలేదు.

మోతీ తప్పిపోతే సేఠానీ గడప తొక్కనివ్వదు. అయినా నీరజ గొలుసు వదిలేసి పరుగెత్తింది. టెంపో ముందు నుంచి పిల్లను రెక్క పట్టుకుని లాగింది. లాగి చెంప మీద కొట్టింది.

"గొంతు పగిలేటట్టు పిలుస్తుంటే తిరగవా? నేను నీకు ఏం గానా?"

ప్రసన్న బిత్తరపోయి ఆమె ముఖంలోకి చూసింది. కాసేపు పెదవుల వంకే చూసింది. తర్వాత చెయ్యి విడిపించుకుని పోయి నానమ్మ కొంగులో తల దాచుకుంది. నీరజ కాళ్ళ దగ్గర మిగిలింది రొప్పుతున్న మోతీ ఒక్కటే.

"తీస్కపో అత్తమ్మా," అంది నీరజ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నా బిడ్డ గాదు అది. నీ బిడ్డనే."

పోశమ్మ ఈసారి నవ్వలేదు.

మరునాడు వరంగల్ బండిలో ప్రసన్న నానమ్మ ఒళ్ళో కూచుని అవతలి కిటికీలోంచి చూస్తోంది. ప్లాట్‌ఫాం మీద నుంచి నీరజ ఇవతలి కిటికీ చువ్వలు పట్టుకుని పిలిచింది. "ప్రసన్నా... పోయేముందర ఒక్కపారి నా దిక్కు జూడు తల్లీ."

పెట్టెలో అందరూ చూశారు. పోశమ్మ కళ్ళొత్తుకుంది. పిల్ల మాత్రం తల తిప్పలేదు. బండి కదిలింది.

"పెద్దయితే అదే అమ్మా అనుకుంట వస్తది," అన్నాడు నరహరి.

"రాదు," అంది నీరజ. "నా గొంతంటెనే దానికి పడదు."

పిలిస్తే తిరగని పిల్లలు మీ ఇంట్లో ఉంటే, కొట్టకముందు వాళ్ళ చెవులు డాక్టరుకు చూపించండి.