మధ్యలో ఆగని మీట

అమ్మ గదికి ఈ రాత్రి మూడోసారి కరెంటు పోయింది. ఆమె ఊపిరి యంత్రం బ్యాటరీ మీద ఇరవై నిమిషాలే నడుస్తుంది. మెట్ల కింద, బ్రేకర్ పెట్టె ముందు నిలబడి, ఎలక్ట్రీషియన్ అయిన అన్నయ్యకు ఫోన్ చేశాను.

“ఆ గదిలో ప్లగ్గులన్నీ పీకేశావా?”

“యంత్రానిది తప్ప అన్నీ పీకేశా అన్నయ్యా.”

“మీట మధ్యలో ఆగిందా?”

“లేదు. పూర్తిగా కిందికి ఉంది.”

నవ్వాడు. “పిచ్చి మొహమా, దానంతటదే ట్రిప్పయితే ఆ పెట్టెలో మీట సగంలోనే ఆగుతుంది. అంత కిందికి ఎవరో చేత్తో దించాలి. నిద్రమత్తులో నువ్వే దించుంటావ్.”

ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ, ఇద్దరమే. అమ్మ మంచం దిగి నెలలైంది.

మీటను పైకి నెట్టాను. గదిలో దీపం వెలిగింది. బొటనవేలు తియ్యలేదు. కాసేపటికి మీట మీద బరువు పడింది. మెత్తగా, తొందర లేకుండా ఏదో కిందికి నొక్కుతోంది. ఫోన్ టార్చి వెలుగులో నా వేలు తప్ప ఏమీ కనబడలేదు.

భయం వేసింది. అంతకు మించి ఒళ్లు మండింది.

“నొక్కు. నీ ఓపికెంతో నేనూ చూస్తా.”

“ఎవరితోనే ఆ మాటలు?” ఫోన్‌లో అన్నయ్య.

“ఎవరైతే నాకేంటి? నువ్వు బయల్దేరు.”

ఫోన్ నేల మీద పడేసి, రెండో బొటనవేలు కూడా మీట కింద ఆనించాను.