తెలిసినవాళ్ల కేసు

"మేడమ్ ఉన్నారా సార్?"

సర్జన్ తలుపు దగ్గరే నిలబడి అడిగాడు. చేతిలో గాజు స్లైడ్ల ట్రే ఉంది.

"నేనున్నాగా," అన్నాడు పెద్దాయన, మైక్రోస్కోపు మీంచి తలెత్తి.

"పర్లేదు సార్. మేడమ్ వచ్చాకే వస్తాను."

తలుపు మూసుకుంది. పెద్దాయన కడుపు మండిపోయింది.

ఆ పాథాలజీ విభాగానికి అధిపతి ఆయనే. రోగి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను చూసి అది క్యాన్సరా కాదా అని తేల్చడం ఆయన పని. ఏళ్ల తరబడి ఆ ఆసుపత్రిలో చివరిమాట ఆయనదే. ఇప్పుడందరూ వెతుకుతున్న 'మేడమ్' ఆయన శిష్యురాలు. మైక్రోస్కోపులో వెలుతురు ఎంత పెట్టాలో కూడా తెలియని రోజుల్లో, పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాడు. ఈ మధ్య ఆయన సెలవు పెట్టి వెళ్లి తిరిగొచ్చేసరికి ఆసుపత్రంతా ఆమె చుట్టూ తిరుగుతోంది.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి కదండీ," అన్నాడు టెక్నీషియన్, టీ అందిస్తూ. నవ్వించబోయాడు పాపం. పెద్దాయన ఆ టీ ముట్టలేదు.

వరండాలో ఆమె నవ్వు వినపడితే చాలు, ఆయన చూస్తున్న స్లైడు మసకబారేది. ఆమె ఇచ్చిన రిపోర్టుల్లో తప్పుల కోసం గాలించేవాడు. ఒక్కటీ దొరికేది కాదు. దానికి ఇంకా మంట.

"మీరు రోజూ తీసి చూస్తున్న ఆ స్లైడు ఆ అమ్మాయికి కూడా ఓసారి చూపించరాదూ?" అంది భార్య, భోజనాల దగ్గర.

"నేను చూశాగా. చాలదా?"

"మీకంటే బాగా చూస్తుందని మీరే అన్నారు."

"ఎప్పుడన్నాను?"

"నిద్రలో."

మర్నాడు పొద్దున ఆ స్లైడును ఆమె ముందు పెట్టాడు.

"తెలిసినవాళ్ల కేసు. బయట ఆపరేషన్ అయింది. ఎడమ అడ్రినల్ గ్రంథిలో గడ్డ. హాని లేనిదే. అక్కడా అదే అన్నారు, నేనూ అదే అంటున్నా. నువ్వూ ఓ మాట చెప్పు."

గదిలో ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మూత్రపిండం మీద టోపీలా కూర్చునే ఆ చిన్న గ్రంథిలో గడ్డలు మామూలే. క్యాన్సర్ మాత్రం లక్షల్లో ఒకరికి వస్తుంది. పైగా రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. తలలు పండినవాళ్లే బోల్తా పడే చోటది.

"పిల్లకి గొయ్యి తవ్వాడు," అని గొణిగాడు టెక్నీషియన్.

ఆమె చాలాసేపు చూసింది.

"క్యాన్సరే అనిపిస్తోంది సార్."

"అనిపించడం ఏంటి? నీకదేనా నేర్పింది?"

"ఈ మూల చూడండి. చిన్న రక్తనాళం. దాన్లోకి గడ్డ కణాలు దూరాయి."

"దూరలేదు. ముక్క కోసేటప్పుడు కత్తి మోసుకొచ్చి పడేసింది."

"కత్తి పడేస్తే విడిగా ఉండేవి సార్. ఇవి నాళం గోడను పట్టుకుని ఉన్నాయి."

"నాకు చెప్తున్నావా?"

ఆ అరుపు పక్క గదుల్లోకీ వినపడింది. ఆమె మొహం ఎర్రబడింది కానీ మాట మార్చలేదు.

"మీరు చెప్పిందే సార్. అనుమానం వస్తే ఇంకాస్త లోతుగా కోసి, నాళం గోడ కనపడేలా వేరే రంగు వేసి చూడమనేవారు. వేయించనా?"

"వేయించు. నీ పొగరు దిగుతుంది."

మధ్యాహ్నానికల్లా ఆ మాట క్యాంటీన్ చేరింది. కుళ్లు అన్నారు కొందరు. రిటైరయ్యే ముందు బుద్ధి గడ్డి తింటోంది అన్నారు ఇంకొందరు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె చురుకైన చూపునీ, ఆమె ముందున్న బోలెడు కాలాన్నీ తలుచుకుంటే ఆయనకు నిజంగానే ఒళ్లు భగ్గుమనేది.

"ఆ అమ్మాయి పొరబడిందంటారా?" అని ఆ రాత్రి అడిగింది భార్య.

"పొరబడితే, దాన్ని మించిన సంతోషం నాకింకోటి లేదు."

"నాకూనండీ," అందామె.

రంగు వేసిన స్లైడు వచ్చింది. ఇద్దరూ ఒకేసారి చూసే మైక్రోస్కోపుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నాళం గోడ గోధుమరంగులో గీత గీసినట్టు తేలింది. దాని లోపల, గోడను కరుచుకుని, కణాల గుంపు.

పెద్దాయన స్లైడును అటూ ఇటూ జరిపాడు. వెలుతురు పెంచాడు. తగ్గించాడు. ఎక్కడైనా ఆమె తప్పు దొరుకుతుందేమోనని అంగుళం అంగుళం వెతికాడు.

దొరకలేదు.

"నువ్వే గెలిచావు," అన్నాడు చివరికి. ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతులో ఈర్ష్య చావలేదు. "ఎన్నిసార్లు చూశానో. నాకు కనపడలేదమ్మాయ్. నీకు మొదటిసారికే కనపడింది."

"గెలుపేంటి సార్, ఊరుకోండి," అందామె కంగారుగా. "గడ్డ మొత్తం తీసేశారు కదా. వెంటనే మందులు మొదలుపెడితే మంచి అవకాశమే ఉంది. మామూలు గడ్డే అనుకుని ఊరుకుంటే మాత్రం చేయి దాటిపోతుంది. పేషెంటుకి ఈ రోజే చెప్పాలి. మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నువ్వే చెప్పు."

"సరే సార్. ఎక్కడుంటారు?"

పెద్దాయన కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, చొక్కా గుండీలు విప్పి, ఎడమ పక్కటెముకల కింద ఇంకా పచ్చిగానే ఉన్న కుట్ల గీతను చూపించాడు.